హెచ్‌తో మొదలయ్యే ఇంగ్లీషు పాటలు: గంటసేపు వినే ప్లేలిస్టు కట్టడం ఎలా

ఇంగ్లీషు పాటలు వినడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకచోట ఆగిపోతారు. యాప్‌లో ఒక పాట నచ్చిందంటే అది అలాంటివే ఇంకో యాభై తెచ్చి ముందు పోస్తుంది. నెల తిరిగేసరికి అదే గిటారు, అదే రకం గొంతు, అదే పదేళ్ల కాలం. దీన్నుంచి బయటపడడానికి సులువైన ఉపాయం ఒక అక్షరం పట్టుకోవడం. పేరు ఆ అక్షరంతో మొదలైతే చాలు, 1950ల రాక్ అండ్ రోల్ అయినా 2010ల ర్యాప్ అయినా జల్లెడలోకి వచ్చి పడుతుంది. అక్షరానికి సొంత ఇష్టాలు ఉండవు కాబట్టి మీరు ఎప్పుడూ వెతకని పాటలు కూడా అందులో దొరుకుతాయి.

అయితే అక్షరం పని ఏరడం వరకే. ఏరిన పాటల్ని వరసలో పెట్టాల్సింది చెవి. ఈ రెండు పనుల్నీ ఒకటిగా కలిపేసి, యాప్ చూపించిన అకారాది క్రమంలోనే వింటే ఎంత మంచి పాటలున్నా లిస్టు పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది.

ఇక్కడ హెచ్ అక్షరం తీసుకుని మొత్తం పని చూపిస్తున్నాం. 16 పాటలు, దాదాపు గంటా ఆరు నిమిషాలు.

1. ముందు నియమాలు తేల్చుకోండి

నియమాలు ముందే రాసుకోకపోతే మధ్యలో వాదనలొస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి లిస్టు కడుతుంటే మరీను.

పేరు ముందున్న ‘ది’, ‘ఎ’, ‘యాన్’ లెక్కలోకి రావు. యానిమల్స్ బృందం 1964లో పాడిన ‘ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ హెచ్ పాటే, టి పాట కాదు. గ్రంథాలయాల్లో పుస్తకాల పేర్లకు పాటించే పద్ధతి ఇదే. యాపిల్ మ్యూజిక్ కూడా ఈ చిన్న మాటల్ని వదిలేసే వరస పెడుతుంది. ఫోన్లో ఉండే మామూలు ఫైల్ మేనేజర్ మాత్రం ఈ పాటను తీసుకెళ్లి టి దగ్గర పడేస్తుంది. అందుకే హెచ్ దగ్గర మాత్రమే వెతికినవాళ్లకు అది కనపడదు.

బ్రాకెట్‌తో మొదలయ్యే పేర్లుంటాయి. రోలింగ్ స్టోన్స్ 1965 పాట ‘ఐ కాంట్ గెట్ నో శాటిస్‌ఫాక్షన్’ పేరులో మొదటి నాలుగు మాటలూ బ్రాకెట్లోనే ఉంటాయి. బ్రాకెట్‌ను వదిలేసి లోపలి మొదటి అక్షరాన్నే తీసుకోండి. అది ఐ అవుతుంది, ఎస్ కాదు. డేవిడ్ బౌవీ ‘హీరోస్’ పేరు చుట్టూ కొటేషన్ గుర్తులున్నాయి, వాటినీ వదిలేయాలి. వదలకపోతే కంప్యూటర్ ఆ పాటను ఏ అక్షరం కన్నా ముందు, అన్నిటికీ పైన పెడుతుంది.

చూడాల్సింది అక్షరాన్ని, శబ్దాన్ని కాదు. తెలుగువాళ్లు తరచూ తప్పేది ఇక్కడే. బిల్లీ జోయెల్ పాడిన ‘ఆనెస్టీ’లో మొదటి అక్షరం హెచ్, అయితే పలకదు. లెడ్ జెపెలిన్ 1969 పాట ‘హోల్ లాటా లవ్’ మన చెవికి హ లాగే వినిపిస్తుంది గానీ రాసేటప్పుడు డబ్ల్యూతో మొదలవుతుంది. లిస్టును తెలుగు లిపిలో రాసుకుంటే మొదటిది ఆ దగ్గరికి వెళ్లిపోతుంది, రెండోది దర్జాగా హ లోకి వచ్చి కూర్చుంటుంది. ఏరేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఏరండి, తర్వాత మీకు నచ్చిన లిపిలో రాసుకోండి.

2. నలభై రాసుకుని పదహారుకు దించండి

మొదటి జాబితా పొడుగ్గా ఉండాలి. నలభై పాటలు రాసుకోండి. తర్వాత ఒక్కో దశాబ్దం నుంచి కనీసం ఒకటి ఉండేలా, ఒక్కో గాయకుడికి లేదా బృందానికి ఒకటే ఉండేలా కోయండి. బీటిల్స్‌కు మాత్రం రెండు ఇవ్వొచ్చు. ‘హే జూడ్’ పాల్ మెకార్ట్నీ పాట, ‘హియర్ కమ్స్ ది సన్’ జార్జ్ హారిసన్ పాట, రెండింటి స్వభావమూ వేరు.

కోతలో పోయిన మంచి పాటల్ని పారేయకండి, పక్కన ఉంచుకోండి. బీ జీస్ ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’ 1977, బియాన్సే ‘హేలో’ 2008, ఫారెల్ విలియమ్స్ ‘హ్యాపీ’ 2013, మైకేల్ జాక్సన్ ‘హీల్ ది వరల్డ్’ 1991, కోల్డ్‌ప్లే ‘హిమ్ ఫర్ ది వీకెండ్’ 2015, కెండ్రిక్ లామార్ ‘హంబుల్’ 2017. వినేవాళ్లను బట్టి ఇవి లోపలికి వస్తాయి. పెళ్లిచూపుల మర్నాడు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పెట్టే లిస్టూ, రాత్రి ఒంటరిగా కారు నడుపుతూ వినే లిస్టూ ఒకటి కాలేవు. పిల్లలు, పెద్దలు కలిసి వింటుంటే పాట పేరు పక్కన చిన్న ఇ గుర్తు ఉందేమో చూసుకోండి. అది బూతు మాటలున్నాయని చెప్పే గుర్తు. ‘హంబుల్’కు ఆ గుర్తు ఉంటుంది.

3. సరైన రికార్డింగును పట్టుకోండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన మెట్టు ఇది. ఒకే పేరుతో యాప్‌లో పది పదిహేను పాటలు కనిపిస్తాయి. అందులో అసలుది ఏదో తేల్చడానికి మూడు గుర్తులు చూడండి: పాడినవాళ్ల పేరు, నిడివి, ఏ ఆల్బమ్‌లోది అన్నది.

సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. ఎల్విస్ ప్రెస్లీ ‘హార్ట్‌బ్రేక్ హోటల్’ రికార్డయింది 1956 జనవరి 10న, నాష్‌విల్‌లో. అదే రికార్డింగు తర్వాత వచ్చిన ఎన్నో సంకలనాల్లో చేరింది కాబట్టి యాప్ ఆ సంకలనం వెలువడిన సంవత్సరాన్ని చూపిస్తుంది. నిడివి 2:08 దగ్గర ఉంటే అసలుదే అనుకోవచ్చు.

నిడివిలో తేడా ఉంటే అది మామూలు తేడా కాదు. ‘ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ పూర్తి పాట దాదాపు నాలుగున్నర నిమిషాలు. అప్పట్లో అమెరికాలో సింగిల్‌గా (ఆల్బమ్‌తో కాకుండా విడిగా అమ్మే పాటగా) వేసినప్పుడు రేడియో కోసం మూడు నిమిషాల లోపుకు కోసేశారు. ఆ కోతపడినది దొరికితే వదిలేసి పూర్తిది వెతకండి. ‘హీరోస్’ కూడా అంతే, ఆల్బమ్‌లో 6:07 ఉంటే సింగిల్ మూడున్నర నిమిషాలే.

ఈ పాటకు కోత ఎందుకు పనికిరాదో తెలుసుకుంటే మిగతావాటిలో కూడా ఏం వెతకాలో అర్థమవుతుంది. ‘హీరోస్’ను 1977లో బెర్లిన్ గోడకు దగ్గర్లో ఉన్న హన్సా స్టూడియోలో రికార్డు చేశారు. నిర్మాత టోనీ విస్కోంటి బౌవీ ముందు మూడు మైకులు పెట్టాడు. ఒకటి సుమారు 9 అంగుళాల దూరంలో, రెండోది 20 అడుగుల దూరంలో, మూడోది 50 అడుగుల దూరంలో. గొంతు ఒక స్థాయి దాటితే తప్ప దూరపు మైకులు తెరుచుకోకుండా గేట్లు అమర్చాడు. అందుకే మొదట్లో బౌవీ మన చెవి పక్కనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. గొంతు పెరిగేకొద్దీ రెండో మైకు, ఆపైన మూడోది తెరుచుకుంటాయి, వాటితోపాటు ఆ పెద్ద హాలు మొత్తం పాటలోకి వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని సగం దాటాక వినండి. అరుపు పెరుగుతున్నట్టే గది కూడా పెరుగుతూ ఉంటుంది. మెల్లగా ఎక్కే ఆ ఎక్కుడు కోసమే ఆరు నిమిషాలూ కావాలి.

లైవ్ రికార్డింగులతో జాగ్రత్త. ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ అసలుది 1976 డిసెంబరులో వచ్చిన ఆల్బమ్‌లోది, 6:30. గిటారు నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వినే ఎకూస్టిక్ లైవ్ రూపం 1994 నాటిది. దాని ఎత్తుగడ వేరు, చప్పట్లు ఉంటాయి, అసలుదానికన్నా పొడుగు. రెండూ వినదగ్గవే, కానీ లిస్టు మధ్యలో జనం చప్పట్లు వస్తే ముందు వెనక పాటల మూడ్ తెగిపోతుంది. ఈ లిస్టుకు స్టూడియోలో చేసినదే తీసుకోండి.

పేరే మారిపోయే సందర్భం కూడా ఒకటుంది. రోలింగ్ స్టోన్స్ ‘హాంకీ టాంక్ విమెన్’ 1969లో సింగిల్‌గా వచ్చింది. అదే ఏడాది వాళ్ల ఆల్బమ్‌లో ఉన్నది ఇదే పాటకు పల్లెటూరి బాణీ కట్టిన ‘కంట్రీ హాంక్’. అది సి అక్షరం కిందకు వెళ్తుంది. మనకు కావలసింది కౌబెల్ (ఆవు మెడ గంటలాంటి వాయిద్యం) టంగుటంగుమంటూ మొదలయ్యే సింగిల్. ఆ కౌబెల్ వాయించింది నిర్మాత జిమ్మీ మిల్లర్.

ఒకే పేరున్న వేర్వేరు పాటలకు గాయకుడి పేరు కలిపి వెతకాలి. ‘హలో’ అని కొడితే లయనెల్ రిచీ 1984 హిట్టూ వస్తుంది, అడేల్ 2015 పాటా వస్తుంది. రెండింటికీ సంబంధం లేదు. దీనికి ఎదురుగా, ఒకే పాటను వేర్వేరు వాళ్లు పాడినప్పుడు ఎవరిది అన్నది మీరు తేల్చుకోవాలి. మా ఎంపికలు ఇవీ:

‘హౌండ్ డాగ్’ బిగ్ మామా థార్న్‌టన్‌ది తీసుకోండి, 1952లో రికార్డయి 1953లో వచ్చినది. ఎల్విస్ 1956లో పాడినది ఎక్కువ పేరు తెచ్చుకుంది. కానీ ఒక ఆడమనిషి పనికిమాలిన మగాణ్ని దులిపేసే పాటగా దాన్ని రాశారు. థార్న్‌టన్ గొంతులో ఆ దులుపుడు వినపడుతుంది. ఎల్విస్ దగ్గరికి వచ్చేసరికి మాటలు మారి అది నిజంగా కుక్క మీద పాటలా అయిపోయింది.

‘హర్ట్’ జానీ క్యాష్ పాడినది, 2002. నైన్ ఇంచ్ నెయిల్స్ 1994 అసలుది బలమైనదే. కానీ చావుకు ఏడాది ముందు ముసలి గొంతుతో క్యాష్ పాడాక ఆ మాటలకు బరువు వచ్చింది. అసలులోని ఒక బూతు మాట తీసేసి దాని స్థానంలో ముళ్ల కిరీటాన్ని పెట్టాడు, అక్కడ శ్రద్ధగా వినండి.

‘హాలెలూయా’ రాసింది లియొనార్డ్ కోహెన్, 1984. జాన్ కేల్ 1991లో దాన్ని పియానో మీదకు తెచ్చాడు. జెఫ్ బక్లీ 1994లో గిటారు ఒక్కటే పట్టుకుని పాడాడు, 6:53. లిస్టుకు బక్లీది మంచిది. మొదటి చరణంలోనే ఒక చమత్కారం ఉంది. నాలుగో స్వరం, ఐదో స్వరం, మైనర్ (దిగులు పలికేది), మేజర్ (ఉల్లాసం పలికేది) అని పాటలో మాటలు వస్తుంటే కింద కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కూడా సరిగ్గా అవే మారుతుంటాయి. హార్మోనియం వచ్చినవాళ్లు ఒకసారి కూడా వాయించి చూడండి.

కరోకే, ట్రిబ్యూట్, రీ-రికార్డెడ్ అన్న మాట కనపడితే దాటిపోండి. చివరిది మరీ మోసం చేస్తుంది. గాయకుడు అతనే, కానీ ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ పాడినది అయివుంటుంది.

4. వరస పెట్టండి

వరసకు మూడు విషయాలు చూడాలి: నడక, మైనరా మేజరా, పాట ఎలా ముగుస్తుంది. కింది క్రమం అలా కట్టినదే.

హిట్ ది రోడ్ జాక్, రే చార్ల్స్, 1961
హాంకీ టాంక్ విమెన్, రోలింగ్ స్టోన్స్, 1969
హే యా, అవుట్‌కాస్ట్, 2003
హౌండ్ డాగ్, బిగ్ మామా థార్న్‌టన్, 1953
హార్ట్‌బ్రేక్ హోటల్, ఎల్విస్ ప్రెస్లీ, 1956
ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్, యానిమల్స్, 1964
హోటల్ కాలిఫోర్నియా, ఈగల్స్, 1976
హార్ట్ ఆఫ్ గోల్డ్, నీల్ యంగ్, 1972
హోమ్‌వర్డ్ బౌండ్, సైమన్ అండ్ గార్ఫంకెల్, 1966
హ్యూమన్ నేచర్, మైకేల్ జాక్సన్, 1982
హైడ్ అండ్ సీక్, ఇమోజెన్ హీప్, 2005
హర్ట్, జానీ క్యాష్, 2002
హాలెలూయా, జెఫ్ బక్లీ, 1994
హీరోస్, డేవిడ్ బౌవీ, 1977
హియర్ కమ్స్ ది సన్, బీటిల్స్, 1969
హే జూడ్, బీటిల్స్, 1968

మొదటి పాట రెండు నిమిషాలే. పొట్టి పాటతో మొదలుపెడితే వినేవాళ్లు కుదురుకునేలోపే రెండోది వచ్చేస్తుంది. ‘హిట్ ది రోడ్ జాక్’లో రే చార్ల్స్‌ను ఇంట్లోంచి తరిమే ఆడగొంతు మార్గీ హెండ్రిక్స్‌ది.

మూడో పాటను ఒకసారి లెక్కపెట్టి వినండి. ‘హే యా’ చప్పట్లతో ఎంత తేలికగా సాగుతుందో, లెక్క అంత మెలికగా ఉంటుంది. నాలుగేసి దెబ్బలు మూడుసార్లు, తర్వాత రెండు దెబ్బలు, మళ్లీ నాలుగేసి రెండుసార్లు. మొత్తం 22 దెబ్బలకు ఒక ఆవర్తం. ఒకటి రెండు మూడు నాలుగు అనుకుంటూ పోతే నాలుగో విడతలో లెక్క తప్పుతుంది. తాళం వేసే అలవాటున్నవాళ్లకు ఇది పండగే. ‘హియర్ కమ్స్ ది సన్’ మధ్యలో, సూర్యుడి పేరు మళ్లీ మళ్లీ వచ్చే చోట కూడా నడక నాలుగును వదిలి మెలికలు తిరుగుతుంది. హారిసన్ అంతకు ముందు కొన్నేళ్లు రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నవాడు. ఈ పాట 1969 వసంతంలో ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో పుట్టింది.

ఆరు, ఏడు పాటలు పక్కపక్కనే ఉండాలి. రెండూ మైనర్, రెండూ ఒక ఇంట్లో చిక్కుకున్న మనిషి గురించి. కానీ మొదటిది ఆరు దెబ్బల ఊపుతో నడిస్తే రెండోది నాలుగులో నడుస్తుంది, అందుకే విసుగు రాదు. ‘హాలెలూయా’కు కూడా అలాంటి ఊపే ఉంది కాబట్టి దాన్ని ఆరో పాటకు దూరంగా పెట్టాం. రెండు ఊపు పాటలు వెంటవెంటనే వస్తే రెండోది ఈడుస్తున్నట్టు ఉంటుంది. ‘హోటల్ కాలిఫోర్నియా’ చివరి రెండు నిమిషాలూ డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లే. అంత తర్వాత ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ మౌతార్గన్ చల్లటి మజ్జిగలా ఉంటుంది.

పదకొండు నుంచి పదమూడు వరకూ లిస్టులో బాగా లోతైన భాగం, దాదాపు పదిహేను నిమిషాలు. ‘హైడ్ అండ్ సీక్’లో విడిగా వాయిద్యమే లేదు, గొంతునే యంత్రం గుండా పంపి దాన్నే మేళంగా మార్చారు. నలుగురిలో వినేటప్పుడు ఈ మూడూ వరసగా వస్తే గది చల్లబడిపోతుంది. అప్పుడు ‘హైడ్ అండ్ సీక్’ తీసేసి ‘హేలో’ పెట్టండి.

‘హే జూడ్’ చివర్లోనే ఉండాలి, ఇంకెక్కడ పెట్టినా నిలవదు. 7:11 పాటలో అసలు పాట మూడు నిమిషాలకే అయిపోతుంది. మిగతా నాలుగు నిమిషాలూ అందరూ కలిసి పాడే ముక్తాయింపు, అది మెల్లగా తగ్గుతూ పోతుంది. మధ్యలో పెడితే వెనకొచ్చే పాట ఏదైనా వెలవెలపోతుంది.

5. సెట్టింగులు

షఫుల్ ఆపేయండి. స్పాటిఫైలో వరస మార్చాలంటే లిస్టు కస్టమ్ ఆర్డర్‌లో ఉండాలి. పేరు ప్రకారం ఉంటే పాటను పట్టుకుని జరిపినా జరగదు, చాలామంది యాప్ పాడైందనుకునేది అందుకే.

వాల్యూమ్ సమం చేసే సెట్టింగు ఆన్ చేయండి. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్, యాపిల్‌లో సౌండ్ చెక్. 1956 నాటి మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపే) రికార్డుకూ 2003 నాటి పాటకూ గట్టిదనంలో చాలా తేడా ఉంటుంది. ఈ సెట్టింగు లేకపోతే ‘హే యా’ దగ్గర చెవులు మూసుకుని, ‘హౌండ్ డాగ్’ దగ్గర వాల్యూమ్ పెంచుకోవాల్సి వస్తుంది.

క్రాస్‌ఫేడ్ సున్నా దగ్గర ఉంచండి. పది పన్నెండు సెకన్లు పెడితే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. ‘హర్ట్’ చివర పియానో మోత ఆగాక వచ్చే నిశ్శబ్దం కూడా పాటలో భాగమే.

ఒక చెవికే ఇయర్‌బడ్ పెట్టుకునే అలవాటుంటే ఫోన్ యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి. అరవైల స్టీరియోలో వాయిద్యాలను ఒక్కో చెవికి విడగొట్టి పెట్టేవారు. ఒక చెవితో వింటే సగం పాట వినపడదు.

6. కారులో పెన్‌డ్రైవ్ మీద వినాలంటే

కొని దింపుకున్న ఫైళ్లుంటే డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. పాత కారు స్టీరియోలు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ, అంటే మొత్తం లిస్టు సుమారు 160 ఎంబీ. ఫైలు పేర్ల ముందు 01 నుంచి 16 వరకు అంకెలు పెట్టండి. ఒక్క అంకెతో 1, 2 అని పెడితే 1 తర్వాత 10 వస్తుంది. అయినా వరస తప్పితే స్టీరియో పేర్లను చూడడం లేదన్నమాట, డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కిందో దాన్నే ముందు వాయిస్తోంది. అన్నీ తీసేసి, ఒక్కొక్కటిగా వరసలో మళ్లీ కాపీ చేయండి.

ఫోన్లో ఆఫ్‌లైన్ ప్లేయర్ వాడేవాళ్లు ఎంపీ3ట్యాగ్ లాంటి ప్రోగ్రామ్‌తో సార్ట్ టైటిల్ అనే గడిలో ‘ది’ లేకుండా పేరు రాస్తే, ఆ గడిని చదివే ప్లేయర్లలో ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ హెచ్ దగ్గరికి చేరుతుంది. తెర మీద పేరు మాత్రం పూర్తిగానే కనిపిస్తుంది.

7. తర్వాతి అక్షరం

క్యూ, ఎక్స్, జెడ్ అక్షరాలకు పాటలు తక్కువ, మూడూ కలిపి ఒక లిస్టు చేయండి. ఐ అక్షరానికి పాటలు కుప్పలుగా ఉంటాయి, కానీ ‘నేను’ అన్న మాటతో మొదలయ్యే ప్రేమపాటలే సగం పైన. ఆ మాటతో మొదలయ్యేవి నాలుగు మించకూడదని నియమం పెట్టుకుంటే మిగతావి బయటపడతాయి. హెచ్ తర్వాత పట్టుకోవడానికి బి బాగుంటుంది. బాబ్ డిలన్ ‘బ్లోయిన్ ఇన్ ది విండ్’ 1963, క్వీన్ ‘బొహీమియన్ రాప్సడీ’ 1975, మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ 1982, ఈ మూడింటితో మొదలుపెట్టి నలభై వరకు రాయండి. క్వీన్ పాట నిడివి 5:55 ఉందో లేదో చూసుకుని తీసుకోండి.